అర్జీలాయన తెలుగు

మొన్నొక ఆదివారం మా మనవరాలు నా మంచం పక్కన కూర్చుని ఆదాయపన్ను కాగితం ఫోనులోనే నింపుకుంటోంది. దుర్గాపూర్ కాలనీలో ఉంటుంది, ఉద్యోగం చేస్తుంది, ఏటా ఇదే తంతు. నింపుతూ నింపుతూ ఒకచోట ఆగిపోయింది.

“ఆజీ, గిదేంది? నేను ఒక్కదాన్నేనా, అవిభక్త కుటుంబమా అని అడుగుతుంది. ఏది పెట్టాలె?”

“ఒక్కదానివని పెట్టు.”

“చుకలం తర్?” అంది. తప్పయితే ఎలా అని దాని భయం.

“తప్పయితదేమో అనిపిస్తె తెలిసినోళ్లను ఇప్పుడే అడుగు. సంతకం పెట్టినంక అడుగుడు కాదు.”

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పిల్ల ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నాకు అప్పటికే అర్జీలాయన గుర్తొచ్చాడు. పోయి యాభై ఏళ్లు దాటిన మనిషి. ఆయనకూ ఒక పేరుంది, నాకు తెలుసు. ఊరంతా అర్జీలాయన అనే పిలిచింది కనుక నేనూ అలాగే చెబుతాను. పేరు పెట్టి చెప్పే మొహం నాకు లేదు కూడా.

అప్పట్లో చంద్రపూర్‌ను చాందా అనేవారు. నేను ఆసిఫాబాదు వైపు నుంచి కోడలిగా వచ్చాను. మా నాన్న బడిపంతులు కాబట్టి తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. అత్తగారింట్లో అదొక వింత. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, చదివేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. వాళ్లదంతా మరాఠీ చదువు. మా మామగారు ఒక్కరే పాతకాలం మనిషి, చిట్టా పుస్తకాలన్నీ తెలుగులో రాసేవారు. బట్టల వ్యాపారం మాది. చాందాలో ఒక దుకాణం, వర్ధా నది అవతల రాజురాలో ఒకటి. చాందాది మా ఆయన చూసేవాడు, రాజురాది మా బావగారు.

మా మేడమీది కిటికీలోంచి చూస్తే కచేరీ వరండా కనబడేది. అక్కడ చాప పరుచుకుని, జనానికి అర్జీలు రాసిపెడుతూ అర్జీలాయన కూర్చునేవాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. రాజురా వైపు నుంచే వచ్చాడు. చిన్నప్పుడు ఉర్దూ, ఆ తర్వాత మరాఠీ చదివి, ఒక వకీలు దగ్గర పదేళ్లు గుమాస్తాగా ఉండి ఇంగ్లీషు పట్టుకున్నాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే, “నా సంసారమంత గీ చాప మీదనే” అనేవాడు.

ఆయన దగ్గరికి నోటీసు పట్టుకుని వణుకుతూ వచ్చేవాళ్లే ఎక్కువ. కాగితం అందుకునేవాడు గానీ వెంటనే చదివేవాడు కాదు. “ముందుగాల నీళ్లు తాగు” అని తన కుండలోంచి ముంచి ఇచ్చేవాడు. తాగేదాకా కాగితం విప్పేవాడు కాదు. విప్పాక అందరిలా పైనుంచి చదవడు, అడుగునుంచి మొదలుపెడతాడు. ఎందుకలా అని ఎవరో అడిగితే, “పైనంత మర్యాద ముచ్చట, మతలబు కిందనే ఉంటది” అన్నాడు. ఏ తారీఖులోపల జవాబివ్వాలో చూసి, వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టేవాడు. ఆ లెక్క అయ్యేవరకూ వచ్చినవాడు ఊపిరి బిగబట్టుకుని నిలబడాల్సిందే.

ఒకసారి కోర్పనా వైపు రైతు ఒకాయన వచ్చాడు. ఎవరో బెదరగొట్టి పంపినట్టున్నారు.

“పంతులూ, నా పొలానికి ఆదాయపన్ను అంటుండ్రు. ఎద్దులు అమ్మి కట్టాల్నా?”

“పొలంల పండిన పత్తి అమ్ముకుంటె ఆదాయపన్ను ఎందుకు వస్తది? శిస్తు కట్టి సక్కగ పండుకో. మంది దగ్గర పత్తి కొని అమ్ముతలేవు గద?”

రైతు తలగోక్కున్నాడు. “జరంత.”

“ఎంత జరంత?”

“నాలుగు బండ్లు... ఒక్కోసారి పది.”

“గది వ్యవసాయం గాదు నాయనా, వ్యాపారం. గా ముచ్చట వేరే. కూసో.”

కిటికీ దగ్గర నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ రోజుల్లో నాకు అదే వినోదం.

రాష్ట్రాలు మార్చిన ఏడాదుల్లో ఆయన చాప దగ్గర జాతర. రాజురా తాలూకా అంతదాకా హైదరాబాదు రాజ్యంలో ఉండేది. దాన్ని తెంచి బొంబాయి రాష్ట్రంలో వేశారు. కొన్నాళ్లు నాందేడ్ జిల్లా అన్నారు, తర్వాత మా చాందాలో కలిపారు. జనానికి ఏం అర్థం కాలేదు. పాత కాగితాలు ఉర్దూలో, కొత్తవి మరాఠీలో, పన్నువాళ్లవి ఇంగ్లీషులో, ఇంట్లో లెక్కలు తెలుగులో. ఒక కిరాణా వ్యాపారి మహా తెలివిగా అడిగాడు, తాలూకానే మారింది కదా, పాత నోటీసు ఇంక చెల్లదు కదా అని. “తాలూకా మారితె నీ పెండ్లి చెల్లకుండ పోతదా?” అన్నాడు అర్జీలాయన. “ఆదాయపన్ను ఢిల్లీది. నువ్వు ఏ జిల్లాల ఉన్నా నిన్ను దేవులాడుకుంట వస్తది.”

చిన్నచిన్న వాటికి జవాబులు తనే రాసిచ్చేవాడు. కొన్ని కాగితాలు మాత్రం చూసీ చూడగానే మడతపెట్టి తిరిగి చేతిలో పెట్టేవాడు. గడువు దాటిపోయిన నోటీసు, పాత సంవత్సరాలు తిరగదోడే నోటీసు, అన్నదమ్ముల పాళ్ల గొడవ ఉన్న నోటీసు ముట్టుకునేవాడు కాదు. “గిది నా పని గాదు. వకీలు దగ్గరికి పో, ఇయ్యాల్నే పో” అనేవాడు. అలా తిప్పి పంపినవాళ్ల దగ్గర ఒక్క పైసా తీసుకునేవాడు కాదు. నాలుగు మాటలు రాసిస్తే నాలుగు రూపాయలొచ్చే చోట అలా చేతులు కట్టుకోవడం ఎంత కష్టమో దుకాణదారు ఇంట్లో ఉన్నదాన్ని నాకు తెలుసు.

మా ఇంటికి ఆయన ఏటా పన్ను లెక్కల కోసం మూడు రోజులు వచ్చేవాడు. మామగారి చిట్టాలు తెలుగులో ఉండేవి. అర్జీలాయనకు తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. నేను వచ్చాక పని సులువైంది. నేను పుస్తకం చదివేదాన్ని, ఆయన విని ఇంగ్లీషులో రాసుకునేవాడు. పరాయి మగమనిషి ముందు కోడలు ఒంటరిగా కూర్చోకూడదు కనుక మా అత్తమ్మ మధ్యలో పీట వేసుకుని ఒత్తులు చేసుకుంటూ కూర్చునేది. ఆవిడకు ఆయనంటే ప్రాణం. తోడబుట్టినవాళ్లు లేరు ఆవిడకు. తమ్మీ అని పిలిచి, పక్కన కూర్చుని జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, నెయ్యి వేసి పెట్టేది. ఆయన అక్కా అనేవాడు, మా మామగారిని బావ అనేవాడు. మా ఆయన, బావగారు ఆయన్ను మామా అనేవాళ్లు. నన్ను మాత్రం బిడ్డా అనేవాడు. “బిడ్డా, నీ గొంతుల అంకెలు గూడ పాట లెక్క వస్తయి” అన్నాడొకసారి. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదే మొదలు.

మామగారు పోయారు. ఏడాది తిరగకముందే నోటీసు వచ్చింది.

సంగతి ఏమిటంటే, మామగారు బతికుండగానే కొడుకులిద్దరికీ నోటిమాటగా దుకాణాలు పంచేశారు. రాజురాది అన్నకు, చాందాది తమ్ముడికి. కాగితం లేదు, పెద్దమనుషులు లేరు. అత్తమ్మ ఒప్పుకోదని భయం. ఆవిడ లెక్కలో ఇల్లు ఒక్కటే, కొడుకులు నది దాటి అటొకడు ఇటొకడు వ్యాపారానికి ఉన్నారంతే. దసరాకు అందరూ ఒకే బంతిని కూర్చుని తింటే ఆవిడకు చాలు. రాజురా హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అక్కడి ఫైలు అక్కడ, ఇక్కడి ఫైలు ఇక్కడ. తాలూకా ఇటు వచ్చాక రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి వచ్చాయి. నాగపూర్ నుంచి క్యాంపు వచ్చే అధికారికి రెంటి మీదా ఒకే తండ్రి పేరు కనిపించింది. మీరు ఒకే కుటుంబమా, విడిపోయారా? విడిపోతే ఎప్పుడు, ఆధారమేమిటి? పన్నెండు రోజుల్లో జవాబివ్వండి. అదీ నోటీసు.

ఒకటే అంటే రెండు దుకాణాల ఆదాయం కలిపి పెద్ద పన్ను, పాత సంవత్సరాలతో సహా. విడిపోయామంటే రుజువు చూపాలి. ఆ జవాబు మీదే రెండు సంసారాల తిండి ఆధారపడి ఉంది.

అర్జీలాయన నోటీసు అడుగునుంచి పైదాకా చదివాడు. మడతపెట్టాడు. “అక్కా, గిది నా పని గాదు. నాగపూర్ల మంచి వకీలున్నడు. నేనే తోల్కపోత” అన్నాడు.

అత్తమ్మ ఒత్తులు పక్కన పెట్టింది. “వకీలు ముంగట నా కొడుకులు ఒకల మీద ఒకలు చెప్పాల్నా తమ్మీ? ఆయన పోయి ఏడాది గాలే. ఇంట్ల ముచ్చట పరాయోనికి ఎందుకు? నువ్వున్నవ్ గద, నువ్వే రాయి.”

ఆయన అన్నదమ్ములిద్దరి మొహాల్లోకి చూశాడు. మా ఆయనా బావగారూ తల దించుకుని నిలబడ్డారు. తల్లి ముందు విడిపోయామని చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

“మంచిది” అన్నాడు అర్జీలాయన చివరికి. “ముందుగాల బావ చిట్టాలు జూద్దాం.” నాకు పుస్తకం అందిస్తూ గొంతు తగ్గించి, “బిడ్డా, పాళ్ల గురించి నీ మామ చేతిరాత ఏడనన్న వస్తె జర ఆగి చదువు. ఒక్క గీత దొరికినా చాలు” అన్నాడు.

రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడోనాడు మధ్యాహ్నం, ఒక దీపావళికి కొత్తగా మొదలుపెట్టిన చిట్టాలో, లక్ష్మీపూజ ఖర్చుల కింద ఆ నాలుగు వరుసలు కనిపించాయి. ఈ దినం మొదలు రాజురా దుకాణం పెద్దవానిది, చాందా దుకాణం చిన్నవానిది, ఒకరి లాభనష్టాలతో ఒకరికి సంబంధం లేదు, నా ఇష్టపూర్తిగా పంచి ఇచ్చినాను. కింద మామగారి సంతకం.

అప్పుడే అత్తమ్మ ఏదో చెబుతోంది. “నాకు తెల్వకుండ ఆయన నీళ్లు గూడ తాగకపోతుండె తమ్మీ” అంటూ కళ్లు తుడుచుకుంటోంది.

నేను ఆ పేజీ చదవలేదు. రెండు పేజీలు ఒక్కసారి తిప్పి, తర్వాతి నెల ధోవతుల లెక్క అందుకున్నాను.

ఎందుకలా చేశానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మొగుడు తన వెనకాల ఇల్లు పంచిపెట్టాడని ఆ ముసలమ్మకు నా నోటితో వినిపించలేకపోయాను. అది సగమే నిజం. మిగతా సగం, చిన్నకోడలు పుస్తకం చదివి ఇల్లు విడగొట్టిందని నలుగురూ అంటారని నా భయం. అర్జీలాయన చేతిలో కలం అలాగే ఉంది. నేను చదివింది చదివినట్టు రాసుకున్నాడు. నా గొంతు మీద ఆయనకు అంత నమ్మకం.

రుజువు లేదు కాబట్టి, అక్క మాట కాదనలేక, ఆయన జవాబు రాశాడు. మేమంతా ఒకే కుటుంబం, అన్నదమ్ములు అవిభక్తులు, వ్యాపారం కోసమే రెండు ఊళ్లలో ఉన్నారు. అక్క కోసం దాన్ని తెలుగులో చెప్పి వినిపించాడు. అత్తమ్మ మొహం వెలిగింది. కొడుకులిద్దరూ సంతకం చేశారు. ఆ పూట అత్తమ్మ అందరికీ బూరెలు చేసి పెట్టింది.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. రెండు దుకాణాలూ కలిపి, వెనకటి ఏళ్లతో సహా లెక్కకట్టి, దాని మీద జరిమానా. ఎంతో చెప్పను గానీ రాజురా దుకాణం అమ్మితే తప్ప తీరేది కాదు. అప్పుడు మా ఆయన రైలెక్కి నాగపూర్ వకీలు దగ్గరికి పరిగెత్తాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

“ఉత్తరం రాయకముందు ఎందుకు రాలే అన్నడు. మీ అంతట మీరే ఒక్కటని సంతకం పెట్టినంక నేనేం జేస్త అన్నడు. అపీలుకు ముప్పై రోజులుందట. పెద్దాయన పంచినట్టు రాసిన చిన్న ముక్క దొరికినా నిలబెడ్త అన్నడు.” అన్నం కెలుకుతూ, “ఏడ దొరుకుతది?” అన్నాడు.

నేను ఆయన విస్తట్లో పప్పు వేశాను.

ముప్పై రోజులు. చిట్టాల పెట్టె మా పడకగదిలోనే ఉండేది. రోజూ దాని మీది దుమ్ము తుడిచేదాన్ని. ఇవ్వాళ చెబుదాం అనుకునేదాన్ని. చెబితే, అప్పుడెందుకు చదవలేదు అంటారు. రోజు గడిచినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఇరవైమూడో రోజున పెట్టె తాళం తీశాను కూడా. అత్తమ్మ మందు కోసం పిలిచింది. మళ్లీ వేసేశాను. ముప్పయ్యో రోజు వెళ్లిపోయింది. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా బతుకులో నేను చేయలేదు.

ఉత్తర్వు సంగతి ఊరంతా తెలిసింది. ఆ ఉత్తరం రాసిందెవరని వకీలు అడిగితే మా ఆయన అర్జీలాయన పేరు బయటపెట్టలేదు. అర్జీలాయనే మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

“తప్పు నాది అల్లుడా. నా పని గాదని తెలిసి గూడ చేసిన.”

మా ఆయనకు అప్పటికే ఒళ్లు మండిపోతోంది. “తెలుగు చదవరానోనివి, మా చిట్టాలెందుకు ముట్టినవ్ మామా? చదువచ్చినోడైతె నాయిన ఏం రాసిండో దేవులాడుతుండె” అన్నాడు.

నేను తలుపు వెనకే ఉన్నాను. ఆ మాట తగలాల్సింది నాకు. అర్జీలాయన రెండు చేతులూ జోడించాడు. “నిజమే” అని వెళ్లిపోయాడు. లోపల అత్తమ్మ ఆయన కోసం గ్లాసులో మజ్జిగ కలుపుతోంది. ఆ మజ్జిగ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. చాప అక్కడే, కుండ అక్కడే. కానీ పెద్ద గొంతు పోయింది. చిన్న ప్రశ్నలకు కూడా రెండుసార్లు ఆలోచించేవాడు. అన్నదమ్ముల కాగితం వస్తే, చాప చుట్టేసి, వాళ్లను వెంటబెట్టుకుని రైలెక్కి నాగపూర్ వకీలు గుమ్మం దాకా దిగబెట్టి వచ్చేవాడు. ఆ రోజు కూలి పోయినా సరే. మాజ్రి స్టేషన్లో రైలు గంటలు గంటలు ఆగితే వాళ్ల కాగితాలు తన ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడట. కోఠారి నుంచి వచ్చిన ఒకాయన మా దుకాణంలో చెప్పాడు.

ఒకరోజు సంతలో ఎదురుపడ్డాడు. నేను అత్తమ్మకు తమలపాకులు కొంటున్నాను.

“బిడ్డా, నాకు తెలుగు అక్షరాలు నేర్పుతవా? నీ ఇంట్ల గాదు, దుకాణం అరుగు మీద. రోజుకు పావుగంట చాలు” అన్నాడు.

నా చేతిలోంచి ఆకులు కింద పడ్డాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరి ఇచ్చాడు. ఆయన తెలుగు నేర్చుకుంటే ఏ పేజీ దగ్గరికి వస్తాడో నాకు తెలుసు. “ఇంట్ల ఒప్పుకోరు” అన్నాను. అబద్ధం. ఇంట్లో ఎవరినీ అడగలేదు. “గంతే గద” అని తల ఊపి వెళ్లాడు.

కొద్ది రోజులకు కిటికీలోంచి చూస్తే, చాప మీద పిల్లల అక్షరాల పుస్తకం. కాగజ్‌నగర్ వెళ్లి కొనుక్కొచ్చాడట. యాభై దాటిన మనిషి, రద్దయిన అర్జీల వెనకవైపు అ ఆలు దిద్దుతున్నాడు. వచ్చేపోయే తెలుగు లారీ డ్రైవర్లను ఆపి అడిగేవాడు. “గీ అక్షరాలన్ని గుండ్రంగ ఉన్నయి. చేతికి చిక్కుతలేవు” అంటే వాళ్లు పకపక నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నేను కిటికీ మూసేదాన్ని.

ఇంట్లో జరగాల్సింది జరిగింది. బావగారు రాజురా దుకాణం అమ్మేశారు. నీ దుకాణం వల్లే అని ఆయన, నీ మూలానే అని ఈయన. ఆ దసరాకు బావగారు రాలేదు. మరుసటి దసరాకూ రాలేదు. మేమంతా ఒక్కటే అని రాసి సంతకాలు చేసిన అన్నదమ్ములు ఎదురుపడితే వీధి మారేవాళ్లు. అత్తమ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుని నది వైపు చూసేది. ఏ బాధ ఆవిడకు తగలకూడదని నేను నోరు మూసుకున్నానో ఆ బాధే వచ్చింది, పైగా రెండింతలై వచ్చింది. అలా చూస్తూనే ఒక వానాకాలంలో పోయింది. బావగారు నిప్పు పెట్టే వేళకు వచ్చి అటునుంచి అటే వెళ్లిపోయారు.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం అర్జీలాయన వచ్చాడు. అన్నేళ్లకు మా గడప దాటడం అదే. అత్తమ్మ పీట ఉన్న చోటు చూసి, దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయన కింద దుకాణంలో ఉన్నాడు.

“బావ చిట్టా ఒక్కటి తెస్తవా బిడ్డా? గా దీపావళి నాటిది. అచ్చు అక్షరాలు చదువుతున్న. చేతిరాత వస్తదో రాదో జూస్కుంట” అన్నాడు.

అనుమానంతో అడిగాడో, అక్క గుర్తొచ్చి అడిగాడో ఈనాటికీ తెలియదు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. పెట్టె తీసి తెచ్చి ఇచ్చాను. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆయన ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పాడు. అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. ఆ తర్వాత వేలు ఆగింది. మళ్లీ కదిలింది. ఈసారి పైకే చదివాడు. “ఈ... దినం... మొదలు... రాజురా... దుకాణం... పెద్దవానిది...” ఎక్కడా తొందర లేదు. “నా ఇష్టపూర్తిగా పంచి ఇచ్చినాను” దాకా చదివి, సంతకం మీద వేలు ఉంచాడు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

నేను నేల మీద కూలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగా ఖాళీగా ఉన్న పీట వైపు చూస్తున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆ పేజీ మూలాన ఆయన తన పేరు పోగొట్టుకున్నాడు, అక్కను పోగొట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అన్నా నాకు బాగుండేది.

మెట్ల మీద చప్పుడైంది. మా ఆయన. గుమ్మంలోనే ఆగి, చిట్టానూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు. గొంతులో పాత కోపం ఇంకా ఉంది.

“ఏం మామా, వచ్చిందా తెలుగు? ఏం రాసిండు నాయిన?”

నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. అర్జీలాయన పుస్తకం మూశాడు. పైకండువాతో మొహం తుడుచుకున్నాడు.

“ఏడ వస్తది అల్లుడా. గీ వయసుల పట్టుబడ్తయా? ఒక్క ముక్క సమజ్ గాలే” అన్నాడు.

మా ఆయన నవ్వాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన ముందు నవ్వడం. ఆ నవ్వులో కోపం కాస్త కరిగిపోయింది కూడా. “అందరికి వకీలు కావాలె అని చెప్తవ్. నీకు పంతులు కావాలె మామా” అన్నాడు. ఆయనా నవ్వాడు. చిట్టా నా చేతికిచ్చాడు. “పెట్టెల పెట్టు బిడ్డా” అన్నాడు, అంతే. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు.

నాలుగైదేళ్లకు ఆయన పోయాడని విన్నాను. వరండాలో చాప లేకపోవడం చూసి ఒక రైతు అడిగితే తెలిసింది. నేను వెళ్లలేదు. ఏ వరసన వెళ్తాను, వెళ్లి ఏం చెబుతాను. మా ఆయనా బావగారూ కూడా పోయారు, ఇద్దరికీ చెప్పలేదు.

మా ఇంట్లో పిల్లలకూ వాళ్ల పిల్లలకూ అర్జీలాయన తెలుసు. ముసలితనంలో అక్షరాల పుస్తకం కొని, లారీ డ్రైవర్ల కాళ్లావేళ్లా పడి, ఎంత దిద్దినా తెలుగులో ఒక్క ముక్క చదవలేకపోయిన మనిషిగా తెలుసు. మా ఆయన చెప్పిన కథ అది. పండగలకు అందరూ చేరినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు, కడుపు చెక్కలయ్యేలా నవ్వుతారు. ఇన్నేళ్లుగా వాళ్లతోపాటు నేనూ నవ్వుతూనే ఉన్నాను.